పద్నాలుగో అంతస్తు చీటీ

పదకొండూ ఇరవైకి మందుల కొట్లో కంప్యూటరుకు ప్రాణం వచ్చింది. పదకొండూ ఇరవై ఒకటికి కంగారమ్మకు ప్రాణం పోయినంత పనైంది.

ఆ పేరు ఆమెకు పెట్టింది కొట్టు యజమాని పెద్దాయనే. పన్నెండేళ్ళుగా ఆమె ఆ కౌంటరు వెనక తెల్లకోటు వేసుకుని మందులు కొలిచి ఇస్తోంది. పనిలో ఒంటి చేత్తో నలుగురి పెట్టు. కాకపోతే ప్రతిదానికీ కంగారే. వాన పడితే వంటగది కప్పు కారుతుందని కంగారు, పడకపోతే కుళాయి ఎండుతుందని కంగారు. కూతురు దగ్గితే కంగారు, దగ్గకపోతే దగ్గు లోపలే ఉండిపోయిందేమోనని కంగారు. అన్నిటికంటే పెద్ద కంగారు భర్త. ఆయన ఎత్తయిన భవనాలకు బయటి గోడల రంగులు వేస్తాడు. నడుముకో పట్టీ, వీపు వెనకో తాడు, కింద ఒట్టి గాలి.

ఈ కంగారుకు ఆమె అత్తగారు నాలుగేళ్ళ క్రితమే ఒక విరుగుడు కనిపెట్టింది. ఖాళీ మాత్రల డబ్బా ఒకటి తెచ్చి, మూతకు సన్నటి చీలిక కోసి, మూత చుట్టూ టేపు వేసి కోడలి కౌంటరు కింద పెట్టింది. "బెంగ పుట్టగానే కాగితం మీద రాయి, ప్రభువుకి చెప్పు, ఇందులో పడెయ్. తర్వాత అది నీది కాదు, ఆయనది. ఇది అప్పగింతల డబ్బా" అంది. నెలకోసారి ఆవిడే వచ్చి డబ్బా పట్టుకెళ్ళి, మూత విప్పి, లోపలి చీటీలు చదవకుండా తన లాండ్రీ బాయిలరులో వేసి కాల్చేసేది. షరతు ఒక్కటే. పడిన చీటీని మళ్ళీ పైకి తియ్యకూడదు. "అప్పగింతలయ్యాక పిల్లను వెనక్కి లాక్కొచ్చుకుంటామా?" అనేది.

కంగారమ్మ రోజుకు రెండు మూడు చీటీలు వేసేది. వేసిన పావుగంటకు అదే బెంగ మళ్ళీ మొదలయ్యేది. అది వేరే సంగతి.

ఆ పొద్దున కొట్టు తెరిచేసరికి కంప్యూటరు మొరాయించింది. లేబుళ్ళు అచ్చు కావు, రోగుల వివరాలు తెరుచుకోవు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద తీగల్లో తల దూర్చాడు. అందువల్ల కంగారమ్మ లేబుళ్ళన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. వాళ్ళ కొట్టు లేబుల్‌కు రెండు భాగాలుంటాయి. ఎడమ సగం మీద మందు మోతాదు రాసి సీసాకు అంటిస్తారు. కుడి సగం మీద ఇల్లు, ఫోను రాసి చింపి కౌంటరు మీది ఇనపముల్లుకు గుచ్చుతారు. మామూలు రోజుల్లో ప్రతి లేబులూ పెద్దాయన చూసి పక్కన పొట్టి సంతకం పెట్టాకే సీసా కొట్టు గడప దాటాలి. ఆ రోజు పెద్దాయన తల బల్ల కిందుంది.

కంప్యూటరు వెలగ్గానే పెద్దాయన బట్టలు దులుపుకుంటూ లేచి, పొద్దుటి నుంచి చేత్తో రాసినవి ఎక్కించమన్నాడు. కంగారమ్మ ముల్లు మీది చీటీలు తీసింది. ఏడు. ఒకటి, రెండు, మూడు కొట్టింది. నాలుగోది చేతిలోకి తీసుకుంది. ఇల్లు లేదు. ఫోను లేదు. తన రాతలోనే ఇలా ఉంది:

"తాడు నీ చేతిలో పెడుతున్నా. నేను వదిలేశా."

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైంది.

ఉదయం తొమ్మిదీ పదికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ప్రయాణికులతో నిండిన బస్సును కొట్టు ముందే ఆపి వచ్చాడు. తన రెండు నెలల పాపకు ఆసుపత్రి డాక్టరు గుండె మందు రాశాడట. మొదటిసారి వాడే మందు. తన బస్సు వెళ్ళే దారిలోనే ఇల్లు, బస్సు కిటికీలోంచి భార్యకు అందించి పోతానన్నాడు. మొదటి మోతాదు సరిగ్గా పన్నెండింటికి. "మా ఆవిడ గడియారం ముందు పెట్టుకుని కూర్చుందండీ, ముల్లు పన్నెండు మీదికి రాగానే పోసేస్తుంది" అని గర్వంగా చెప్పాడు. బయట బస్సులో జనం కేకలు మొదలెట్టారు. ఎవరో డ్రైవరు సీట్లోకి వంగి హారను కూడా కొట్టారు. సరిగ్గా అప్పుడే కొట్టు ఫోను మోగింది. భర్త. ఈ రోజు ఏడో అంతస్తు కాదట, పద్నాలుగో అంతస్తట. గాలి కాస్త ఎక్కువగానే ఉందట. అది వింటూనే ఆమె పాప లేబుల్ రెండు సగాలూ రాసేసింది. ఫోను పెట్టేశాక ఆమె చెయ్యి దానంతటదే ఇంకో లేబుల్ లాక్కుని బెంగ రాసింది. ఎడమ సగంలో "ప్రభువా, మా ఆయన ఇవాళ పద్నాలుగో అంతస్తు మీద." కుడి సగంలో తాడు సంగతి. ఇప్పుడు కౌంటరు మీద రెండు లేబుళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. హారను మోగుతూనే ఉంది.

పాప లేబుల్ చింపకుండానే మడిచి డబ్బాలో వేసింది. తన బెంగను రెండుగా చింపి, ఎడమ సగం సీసాకు అంటించింది, కుడి సగం ముల్లుకు గుచ్చింది.

పద్నాలుగో అంతస్తు చీటీ ఒక పసిపాప మందు సీసా మీద ఎక్కి ఊరి అవతలికి వెళ్ళిపోయింది. ఆ సీసా మీద ఎంత పోయాలో లేదు. తల్లి ఎంత పోస్తుంది? మామూలు సిరప్‌లలాగే చెంచాడు పోస్తే?

"సార్, ఆ సీసా మీద మోతాదు లేదు. పన్నెండింటికి పోసేస్తారు" అంది కంగారమ్మ. ఆమె గొంతు విని పెద్దాయన ఎందుకూ అని అడగలేదు, ఫోను అందుకున్నాడు. గుండె మందుల చీటీ కొట్లోనే ఉంచుకోవాలి కాబట్టి డాక్టరు చీటీ వాళ్ళ దగ్గరే ఉంది. దాని మీద పాప బరువు ఉంది, మోతాదు ఉంది, ఇల్లు మాత్రం లేదు. ఆసుపత్రికి, బస్సు డిపోకు తాను ఫోన్లు చేస్తూనే ఉంటానన్నాడు పెద్దాయన. ఇల్లూ ఫోనూ రాసి ఉన్న కాగితం ఈ లోకంలో ఒక్కటే. అది డబ్బాలో ఉంది.

కంగారమ్మ కౌంటరు కిందికి వంగింది. డబ్బా లేదు.

పదకొండింటికి అత్తగారు వచ్చి వెళ్ళింది. ఇది నెల ఆఖరు శనివారం. పదకొండున్నరకు ఆవిడ బాయిలరుకు కట్టెలు ఎగదోస్తుంది.

డాక్టరు చీటీ కోటు జేబులో కుక్కుకుని కంగారమ్మ పరుగు అందుకుంది. మూడు వీధులు. చెప్పులు అడ్డమొస్తే చేత పట్టుకుంది. తెల్లకోటు రెక్కల్లా ఎగురుతుంటే జనం, ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని దారి ఇచ్చారు. వాళ్ళు అనుకున్నది నిజమే. తోవంతా ఆమె నోట్లో ఒకటే మాట ఆడుతోంది. అర ఎమ్మెల్. అర ఎమ్మెల్. డాక్టరు రాసింది అంతే, చంటిదానికి అరకు మించి ఒక్క చుక్క పడకూడదు.

లాండ్రీలోకి అడుగు పెట్టేసరికి ఆవిరి ముఖానికి కొట్టింది. ఒక మూల రెండు పెద్ద ఉతుకు యంత్రాలు గుడగుడమంటున్నాయి. ఇస్త్రీ బల్ల మీద దొంతరలు దొంతరలుగా ఆసుపత్రి దుప్పట్లు. వెనక గోడ దగ్గర బాయిలరు తలుపు తెరిచి ఉంది, లోపల మంట నారింజ రంగులో ఉంది. దాని ముందు పీట మీద అత్తగారు. ఒడిలో డబ్బా. టేపు అంచు గోటితో లేపుతోంది.

"అత్తయ్యా, ఆగు. అది కాల్చొద్దు."

అత్తగారు తల కూడా తిప్పలేదు. ఈ రోజు వస్తుందని నాలుగేళ్ళుగా కాచుకు కూర్చున్నదానిలా డబ్బాను గట్టిగా పొట్టకు హత్తుకుంది. ఇచ్చింది ఇచ్చిందేననీ, దేవుడి జేబులో చెయ్యి పెట్టి చిల్లర వెనక్కి తీసుకునే కోడలిని తాను ఎక్కడా చూడలేదనీ, విత్తనం నాటి మొలిచిందా లేదా అని పూటపూటా తవ్వి చూసేవాళ్ళకి పంట ఎలా వస్తుందనీ ఏకరువు పెట్టింది. కంగారమ్మ చెయ్యి చాపింది. అత్తగారు డబ్బాను అటు తిప్పింది. కంగారమ్మ ఇంకో వైపు వచ్చింది. అత్తగారు ఇటు తిప్పింది. గోడ మీది గడియారం పదకొండూ ముప్పై రెండు చూపిస్తోంది.

"అందులో ఉన్నది నా బెంగ కాదత్తయ్యా. వేరేవాళ్ళ చంటిపిల్ల. పొరపాటున దాని మందు చీటీ వేసేశాను. పన్నెండింటికి మోతాదు తెలియకుండా మందు పోసేస్తారు."

అత్తగారు ఒక్కసారి కోడలి ముఖంలోకి చూసింది. మరుక్షణం దుప్పట్ల దొంతరను మోచేత్తో నెట్టి, మూత ఊడబెరికి, డబ్బాను ఇస్త్రీ బల్ల మీద బోర్లించింది.

నెల రోజుల బెంగలు. డెబ్భై దాకా ఉంటాయి. ఇద్దరూ నాలుగు చేతులతో విప్పడం మొదలెట్టారు. "పిల్ల గణితం పరీక్ష", పిల్ల గట్టెక్కింది. "వంటగది కప్పు", కప్పు కారలేదు. "ఎడమ చెవిలో మోత", అది ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. "పెద్దాయన ఎందుకో మాట్లాడలేదు", ఆ రోజు ఆయనకు పన్ను నొప్పి. విప్పుతుంటే కంగారమ్మకు ఏదో తోచింది కానీ ఆలోచించే తీరిక లేదు. అత్తగారు ఒక చీటీ ఎత్తి పట్టుకుని, "'అత్తయ్య నా కూరలో ఉప్పు ఎక్కువైందని అందరికీ చెబుతోంది.' ఇదెప్పుడే?" అంది. కంగారమ్మ ఇంకో చీటీ మీదికి వంగింది. "తర్వాత మాట్లాడుకుందాం" అని ఆవిడ దాన్ని రవికలో దోపుకుంది.

ముప్పై ఏడో చీటీ. గట్టిగా నాలుగు మడతలు. విప్పీ విప్పకముందే కుడి సగంలో ఫోను అంకెలు, ఇల్లు కనిపించాయి. రైలు పట్టాల అవతల కాలనీ, మూడో భవనం, అయిదో అంతస్తు. అత్తగారి ఫోనులోంచి ఆ అంకెలు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. డ్రైవరు ఫోను అది. బండి తోలుతూ ఎత్తడు. కంగారమ్మ లేబుల్‌ను మళ్ళీ మడిచి జేబులో వేసుకుంది.

"ఎక్కు" అంది అత్తగారు. ఆవిడ అప్పటికే గుమ్మంలో ఉంది.

ఎక్కమన్నది లాండ్రీ మూడు చక్రాల బండి. వెనక తొట్టిలో ఉతికిన దుప్పట్ల మూటలు, ముందు ఒక్క మనిషి పట్టే సీటు. అరవై ఆరేళ్ళ అత్తగారు చీర కొంగు నడుముకు బిగించి స్టీరింగు పట్టుకుంటే, కోడలు వెనక మూటల మీద కూర్చుంది. బండి పిల్లిలా మూలిగి పులిలా దూకింది. సందు మలుపులో ఒక మూట జారిపోయింది. అత్తగారు అద్దంలో చూసి, పోతే పోనీ, ఇంకో ఉతుకు ఉతుకుతానంది. పూలకుండీ ఒకటి ఒరిగింది. పాలబండి వాడు ఏదో అన్నాడు. అత్తగారు అంతకు రెండింతలు అంది.

పదకొండూ నలభై ఆరు. ఎదురుగా రైలు గేటు.

గేటు పడిపోతోంది. అత్తగారు ముక్కు మీదున్న కళ్ళజోడు సర్దుకుని ఇంకాస్త తొక్కింది. లాభం లేకపోయింది. ఎర్రదీపం వెలిగింది, గేటు పూర్తిగా వాలింది, గూడ్సు బండి ఇంజను ఏనుగులా నింపాదిగా వచ్చింది. దాని వెనక వ్యాగన్లు. కంగారమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు. అయిదు. ఆరు. గూడ్సు బండ్లకు తొందర ఎప్పుడుంది గనక? తొమ్మిది. పది. అవతలి కాలనీలో ఒక అమ్మాయి గడియారం వంక చూస్తూ ఉంటుంది. చెంచా కడుక్కుంటూ ఉంటుంది. పన్నెండు. పదమూడు.

"ప్రార్థన చేశావా?" అని ముందు సీట్లోంచి అడిగింది అత్తగారు.

"లాండ్రీ నుంచీ చేస్తూనే ఉన్నాను."

"ఆయన చేతిలో పెట్టావా?"

"పెట్టాను."

"మరి ఆ పిడికిలి ఏంటమ్మాయ్?"

కంగారమ్మ చూసుకుంది. రెండు చేతులూ గోళ్ళు దిగబడేలా బిగుసుకుని ఉన్నాయి. విప్పుదామంటే వెంటనే విడలేదు. ఒక్కో వేలూ లేపాల్సి వచ్చింది. ఈ పాపను కాపాడే శక్తి నాకు లేదు యేసయ్యా, నా దగ్గర ఉన్నది ఒక కాగితం ముక్క మాత్రమే, పాప నీది, అంది లోపల. ఇన్నేళ్ళలో ఎన్ని చీటీలు వేసిందో లెక్క లేదు. వాటిలో ఒక్కటీ ఇలా చెయ్యి చాపి ఇచ్చింది కాదు. డబ్బా చీలికలోంచి జారవిడిచి, కొస మాత్రం పట్టుకునే ఉండేది.

చేతులు విడగానే తల ఎత్తింది. గేటుకు కుడివైపు, వంద గజాల దూరంలో, పట్టాల మీదుగా మనుషులు దాటే మెట్ల వంతెన. అది అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంది. వ్యాగన్లు లెక్కపెట్టే కళ్ళకు కనిపించలేదు.

"అత్తయ్యా, వంతెన."

"మరి కూర్చున్నావే? బెంగ ఆయనకివ్వమన్నాను గానీ కాళ్ళు కూడా ఇచ్చెయ్యమన్నానా? పరిగెత్తు."

పరిగెత్తింది. ఎక్కే మెట్లు యాభై రెండు, దిగే మెట్లు యాభై రెండు. నడివంతెన మీద ఉండగా కింద వ్యాగన్లు దడదడలాడుతూ పోతున్నాయి, ఇనుము వణికి అరికాళ్ళు జలదరించాయి. కోటు బొత్తాం ఊడి పట్టాల మీద పడింది. అవతల దిగి కాలనీలోకి మలుపు తిరిగేసరికి పదకొండూ యాభై నాలుగు. మొదటి భవనం. రెండో భవనం. మూడోది అన్నిటికంటే వెనక. లిఫ్టు బొత్తాం నొక్కింది. పైన ఎక్కడో ఎవరో సామాను ఎక్కిస్తున్నారు, అది ఎనిమిదో అంతస్తు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. మెట్లు. మొదటి అంతస్తు. రెండు. మూడో అంతస్తు మలుపులో పక్కలో పోటు, కత్తి దించినట్టు. నాలుగు. ఎవరి ఇంట్లోనో గోడ గడియారం గంటలు కొట్టడం మొదలుపెట్టింది. ఆమె అయిదో అంతస్తు చేరేలోపు అది అయిదు కొట్టింది. తలుపు మీద రెండు అరచేతులతో బాదుతుంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది.

తలుపు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళు కూడా దాటాయో లేదో అనిపించే అమ్మాయి. భుజం మీద పాప, నిద్రలో. మరో చేతిలో చిన్న సిరంజీ.

కంగారమ్మ రొప్పుతూ సిరంజీ వైపు వేలు చూపించింది.

ఆ అమ్మాయి ఆమె తెల్లకోటు చూసింది, చేతిలోని చెప్పులు చూసింది, ఊగిపోతున్న ఊపిరి చూసింది.

"మందుల కొట్టు నుంచే కదక్కా? పద్నాలుగో అంతస్తు మీద ఉన్నది మీవారేనా?"

"మందు పోశావా?"

"లేదక్కా. ఎలా పోస్తాను? ఎంతో రాయలేదుగా. ఈ సిరంజీ ఇప్పుడే కడిగాను, పొద్దున పాలు పట్టింది దీంతోనే."

కంగారమ్మ గడప మీదే కూలబడింది. ఆ అమ్మాయి కంగారుపడి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగుతుంటే సగం కోటు మీదే పడ్డాయి.

జరిగింది ఇదీ. బస్సు కిటికీలోంచి భర్త అందించిన సీసాను ఆ అమ్మాయి ఇంటికి తెచ్చి చూసుకుంటే దాని మీద మోతాదు లేదు, ఎవరిదో ప్రార్థన ఉంది. పైన అంటించిందే తప్పయితే లోపల ఉన్నది కూడా తప్పు కావచ్చని సీసాను ఎత్తుగా బీరువా మీద పెట్టింది. కొట్టుకు ఫోను చేస్తే పదకొండూ ఇరవై దాకా కలవనే లేదు, తర్వాత ఎప్పుడు చేసినా బిజీ. బల్ల కింది తీగలతో పాటు ఫోను తీగా ఊడింది, అది పెట్టాక పెద్దాయన ఆ లైను మీదే ఊరంతా గాలిస్తున్నాడు మరి. పన్నెండు దాటితే పాపను ఎత్తుకుని ఆసుపత్రికే వెళ్దామని సంచి కూడా సర్దుకుంది.

"ఈలోగా ఊరికే కూర్చోలేక, మీవారి కోసం ప్రార్థన చేస్తున్నాను" అంది ఆ అమ్మాయి కాస్త సిగ్గుపడుతూ. "పాపకి పాలు పట్టినప్పుడల్లా. ఇప్పటికి మూడుసార్లు. పేరు తెలీదు కదా, పద్నాలుగో అంతస్తు ఆయన అని చెప్పాను."

కంగారమ్మ కళ్ళు తుడుచుకుంది. లేచింది. చెయ్యవలసిన పని ఇంకా ఉంది. బీరువా మీది సీసా దించింది, తన బెంగను జాగ్రత్తగా ఒలిచింది. జేబులోంచి అసలు లేబుల్ తీసి, మడతలు విప్పి, ఎడమ సగాన్ని సీసాకు అంటించబోయింది.

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

లేబుల్ మీద "5" అని ఉంది.

సున్నా లేదు. చుక్క లేదు. తన రాతే, తన సిరాయే. ఒట్టి అయిదు. ఆమె డాక్టరు చీటీ బయటికి తీసి పక్కన పెట్టింది. సున్నా, చుక్క, అయిదు. అర ఎమ్మెల్. మళ్ళీ లేబుల్ చూసింది. అయిదు ఎమ్మెల్. పదింతలు. మూడున్నర కిలోల పాపకు పదింతల గుండె మందు.

లాండ్రీలో ఇల్లూ ఫోనూ చూసుకుందే తప్ప ఎడమ సగం వైపు కన్నెత్తి చూడలేదు. తాను రాసింది తనకు తెలుసనుకుంది. తోవంతా అర, అర అనుకుంటూనే వచ్చింది. పొద్దున బస్సు హారనూ, పద్నాలుగో అంతస్తూ బుర్రలో గిర్రున తిరుగుతుంటే రాసింది ఇది. చూడవలసిన రెండో జత కళ్ళు బల్ల కింద ఉన్నాయి. ఈ కాగితం వెళ్ళవలసిన చోటికే వెళ్ళి ఉంటే?

"దీని మీద అయిదు అని ఉంటే ఎంత పోసేదానివి?" అని అడిగింది.

"అయిదే పోసేదాన్ని అక్కా. మీరు రాశాక నేనెవర్ని తగ్గించడానికి?"

పాప నిద్రలో పెదాలు చప్పరించింది. దాని ఛాతీ పిట్ట గుండెలా ఎగిసి పడుతోంది. కంగారమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళుగా తనకు తెలిసిన బెంగలన్నీ ఏరి ఏరి ఆ డబ్బాలో వేసింది. తనకు తెలియని ఒకే ఒక్క ప్రమాదాన్ని ప్రభువు తానే వేయించుకున్నాడు.

దాచిపెట్టడం సులభం. లేబుల్ నలిపి జేబులో వేసుకుని కొత్తది రాస్తే సరిపోతుంది. తన పొరపాటు చీటీ మారడం మాత్రమేననీ, అందుకు పరిగెత్తుకొచ్చిన దేవత అనీ ఆ ఇంట్లో జీవితాంతం చెప్పుకుంటారు. ఆమె ఆ లేబుల్‌ను ఆ అమ్మాయి కళ్ళ ముందు పట్టుకుంది.

"చూడమ్మా. నేను తప్పు రాశాను. చీటీ మారడం కాదు, ఇది అసలు తప్పు. ఇదే సీసా మీద ఉండుంటే ఈ పాటికి పాపకి ఏమయ్యేదో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు."

ఆ అమ్మాయి ముఖంలో రక్తం పోయింది. పాపను రెండు చేతులతో పొదువుకుంది. కంగారమ్మ ఏ మాట వచ్చినా పడటానికి సిద్ధంగా నిలబడింది. చివరికి ఆ అమ్మాయి, మందు మీరే కొలిచి పొయ్యండి, నేను చూస్తూ ఉంటాను, అంది. తర్వాత, ఆ డాక్టరు చీటీ నాకు కూడా ఒకసారి చూపించండి, అంది. చూపించింది. ఇద్దరూ కలిసి చదివారు. సిరంజీలో అర గీత దాకా మందు లాగి, ఇద్దరూ వెలుగుకు పట్టి చూశారు. పన్నెండూ తొమ్మిదికి పాప దాన్ని చప్పరించి, రుచి నచ్చక ముఖం చిట్లించి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఎంత బాగుందో.

ఆ ఇంటి ఫోనులోంచి కొట్టుకు ఫోను చేసి పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆ కాగితం పారెయ్యకమ్మా, పట్టుకురా" అన్నాడు ఆయన. "పక్కన నా సంతకం ఉండాల్సింది. అది లేకుండా సీసా బయటికి పోనిచ్చింది నేను. డాక్టరుకి ఇద్దరం కలిసే చెబుదాం."

మెట్ల మీద ఎవరో రొప్పుతున్న చప్పుడు. అత్తగారు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో దారిలో పడిన దుప్పటి మూట. దాన్ని ఎవరో గేటు దగ్గరికి తెచ్చి ఇచ్చారట. గుమ్మంలో నిలబడి పాప ఏడుపు విని, "ప్రభువుకి స్తోత్రం, గొంతు బాగానే ఉంది" అంది. తర్వాత కోడలి వైపు ఫోను చాపింది. "ఇదిగో, నీ పద్నాలుగో అంతస్తు."

ఫోనులో భర్త. గాలి ఎక్కువగా ఉందని పొద్దున తొమ్మిదింపావు నుంచీ మేస్త్రీ ఎవ్వర్నీ తాడు ఎక్కనివ్వలేదట. అందరం కింద ఇసక కుప్ప మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నామన్నాడు. ఒంటిగంటకు గాలి తగ్గితే ఎక్కుతారట. ఆమె చీటీ రాసిన అయిదు నిమిషాలకే ఆయన నేల మీద ఉన్నాడు. తాను మాత్రం మధ్యాహ్నం దాకా పద్నాలుగో అంతస్తు మీదే ఉంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏమైందని భర్త అడిగితే, సాయంత్రం చెబుతానని పెట్టేసింది.

కొత్త లేబుల్ అచ్చు వేయించి, రెండు సంతకాలతో, రాత్రి మోతాదుకు ముందే తానే తెచ్చి అంటిస్తానని చెప్పి బయల్దేరుతుంటే ఆ అమ్మాయి పిలిచింది. బల్ల మీద ఒలిచి పెట్టిన బెంగ చీటీని చూపించింది.

"ఇది సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉండనివ్వండి అక్కా. ఒంటిగంటకు మళ్ళీ ఎక్కుతున్నారుగా. పాప పాలకు లేచినప్పుడు గుర్తుంటుంది."

కంగారమ్మ తల ఊపింది. ఆ చీటీ ఆ ఇంటి గడియారం పక్కన, గోడకు అంటుకుంది.

కిందికి దిగాక అత్తగారు కొంగులోంచి డబ్బా తీసింది. విడిచి రావడం ఎందుకని అది కూడా తెచ్చుకుందట. కోడలి చేతిలో ఉన్న "5" వైపు చూసి, మూత తెరిచి పట్టుకుంది.

"ఇది ఇందులో వేసేది కాదత్తయ్యా" అంది కంగారమ్మ. "బెంగ అయితే ఆయనకిద్దును. ఇది తప్పు. దీన్ని పెద్దాయన బల్ల మీద పెట్టాలి, డాక్టరు ముందు పెట్టాలి. వాళ్ళు ఏమంటే అది వినాలి."

అత్తగారు మూత మూసేసింది. అయితే నువ్వు ఎదిగావే కోడలా, అంది. వెంటనే, రవికలో చెయ్యి పెట్టి చీటీ పైకి లాగి, ఇక ఉప్పు సంగతి మాట్లాడుకుందామా, అంది.

తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ గేటు పడింది. మళ్ళీ గూడ్సు బండే. కొట్లో పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. చెప్పుకోవలసిన మాట గొంతులోనే ఉంది, అది తేలికైన మాట కాదు. అయినా కంగారమ్మ దుప్పట్ల మూట మీద వెనక్కి వాలింది. లేబుల్ కోటు జేబులో ఉంది, చేతులు రెండూ ఒళ్ళో తెరిచి ఉన్నాయి. ఎండ వెచ్చగా ఉంది, దుప్పట్లు సబ్బు వాసన వేస్తున్నాయి.

బండి పోయాక అత్తగారు వెనక్కి తిరిగి, మొత్తం ఎన్ని వ్యాగన్లు, అని అడిగింది.

"తెలీదత్తయ్యా" అంది కంగారమ్మ. "లెక్కపెట్టలేదు."